పెద్దమ్మ పాటకు హక్కుదారులు

మా చర్చి కుర్రకారు క్రిస్మస్ పాటల పుస్తకం వేస్తూ, మా పెద్దమ్మ కట్టిన పాటకు అనుమతి కావాలని మొన్న నా దగ్గరకు వస్తే, సంబరంగా కళ్ళజోడు వెతుక్కుని సంతకానికి కూర్చున్నాను గాని, తీరా నా సంతకం చెల్లదట. రాసినవారు పోయాక కూడా అరవయ్యేళ్ళు హక్కు వారసులదేనని చట్టం చెబుతోందట. పెద్దమ్మ పోయి నలభయ్యేళ్ళవుతోంది. ఆమె వారసులందరి సంతకాలూ కావాలట, మనవళ్ళలో ఒకడు ఎక్కడున్నాడో మాలో ఎవరికీ తెలియదు.

ఆ పాట పుట్టినప్పుడు పక్కనున్నదాన్ని నేనే. సాగర్ డ్యాము కడుతున్న రోజులవి. పెద్దమ్మ రెంటచింతల బడిలో టీచరు. నేనూ అక్కడే కొత్తగా ఉద్యోగంలో చేరి ఆమె ఇంట్లోనే ఉండేదాన్ని. మా ఊరి ఎండలెరిగినవారికి వేరే చెప్పాలా, డిసెంబరు వచ్చిందంటే ప్రాణం లేచివచ్చేది. అలాంటి ఒక చల్లని సాయంత్రం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, గొర్రెలకాపరుల వేషాలు వేసే బడిపిల్లల కోసం ఆమె కూనిరాగంలోంచి ఆ పాట లాగింది. బాలయేసు మన వాడకొచ్చాడని పల్లవి.

మరుసటి వేసవి సెలవుల్లో, డ్యాము పనుల్లో గుమాస్తాగా ఉన్న మా బాబాయిని చూద్దామని ఇద్దరం బస్సెక్కి విజయపురి సౌత్ వెళ్ళాం. అక్కడ తట్టలు మోస్తున్న ఆడవాళ్ళ గుంపులోంచి అచ్చంగా అదే వరుస వినబడింది! మాటలు మాత్రం మారిపోయాయి. బాలయేసుకు బదులు కృష్ణమ్మ మన చేలకొచ్చిందట. నాకు ఒళ్ళు మండి, అది మా పెద్దమ్మ పాటని, ఎవరినడిగి మార్చారని నిలదీశాను.

"మాకేం తెలుసమ్మా, మాచర్ల సంతలో ఇన్నాం. పాడతా మోస్తే బరువు తెలవదని..." అంటూ ముందున్నామె బెదిరిపోయి తట్ట దించింది. పాట ఆగిపోయింది.

పెద్దమ్మ నన్ను పక్కకు లాగింది. "ఏందే ఆ ఉరమడం? నా పాట నాకంటే చానా బాగా పాడతన్నారు. కానీయమ్మా, మళ్ళీ ఎత్తుకో!"

ఆమె ఎత్తుకుంది, పెద్దమ్మ గొంతు కలిపింది, కాసేపటికి సిగ్గు విడిచి నేనూ కలిపాను. ఆ ఏడు క్రిస్మస్‌కు మా పిల్లలు కృష్ణమ్మ చరణం కూడా కలిపి పాడితే చర్చి అంతా చప్పట్లే. తర్వాత కాలవకు నీళ్ళొదిలిననాడు గట్టుమీద ఊరు ఊరంతా, ఏ మతమని లేకుండా, పాడింది ఆ చరణమే. పెద్దమ్మ అంత మురిసిపోవడం నేను మరెన్నడూ చూడలేదు.

రాసినవారి కష్టానికి హక్కు ఉండాల్సిందే. వారు బతికినన్నాళ్ళూ, పోయాక పిల్లలు ఒక దరికి చేరేదాకా. ఆ తర్వాత కూడా ఇన్నేళ్ళు కట్టిపడేయడం తగ్గించాలనే నేనంటాను. ఈసారి పుస్తకంలో ఆ పాట లేదు. చట్టం దాన్ని విడిచిపెట్టడానికి ఇంకో ఇరవయ్యేళ్ళుంది. మా చర్చిలో దాని వరుస తెలిసినవాళ్ళం ఇప్పటికే ఇద్దరమే మిగిలాం.