పెద్దబాపు కోసిన ముక్కలు

మొన్న దుకాణంల నిమ్మకాయ తొక్కు సీసా కొంటే, దాని మీద ఏడాది లోపల తినాలె అని రాసి ఉంది. నాకు నవ్వాగలే. మా పెద్దమ్మ ఇంట్ల ఏడాది తొక్కంటే ఇంకా పాలు తాగే పిల్ల. దాన్ని తొక్కు అని ఎవలూ అనకపోయేటోళ్లు.

పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. అలంపూర్‌ల వాళ్ల ఇల్లు, ఇంటెనుక ఆమె పెనిమిటి, మా పెద్దబాపు, పెట్టిన నిమ్మతోట. ఏటా ఆ తోట కాయే ఊరేసి, ఏడాదికొక జాడి ఎత్తిపెట్టేది ఆమె. కొత్త జాడికి బట్ట కట్టే పొద్దు మమ్మల్ని గద్వాల నుంచి పిలిపిచ్చి, వేడన్నంల నెయ్యేసి, పాత జాడి కాడినుంచి వరుసగ ఒక్కొక్క ముక్క పెట్టేది. అన్నిటికంటె పాతది నల్లగ, బెల్లం పాకం తీర్గ ఉండి, ఉప్పో పులుపో తెల్వకపోయేది. కరువొచ్చిన యేడుది తోలు మందం, జర చేదు. వానలు దంచిన యేడుది నిండ రసం. "నాలిక మీద పెట్టుకుంటె ఆ యేడు వానెంత పడ్డదో చెప్త" అనేది, చెప్పేది గూడ. మేం తప్పు చెప్తే, "చాయ తాగి తాగి మీ నాలికలు సచ్చినయి" అని తిట్టేది.

ఒక్క జాడి మాత్రం ఎవ్వలకూ పెట్టకపోయేది. పెద్దబాపు పోయిన యేడుది అది. పెద్దమ్మ చేతికి దెబ్బ తాకితే ఆయనే కత్తిపీట ముందల కూసోని కాయలు కోసిండట. ఒకటి లావు, ఒకటి సన్నం. ఆ తొక్కు ఊరకముందే ఆయన పోయిండు. ఏటా ఆమె ఒక్కతే అండ్లకెల్లి ఒక ముక్క నోట్లేస్కోని, "ఏం కోసుడో ఏమో, గొడ్డలితోని కొట్టినట్టు" అని నవ్వుకుంట కండ్లు తుడుసుకునేది.

తుంగభద్ర ఊరిమీద పడ్డ యేడు మేం ఆ తొక్కు పొద్దుకే పోయి ఉన్నం. పొద్దుగాల్నే గల్లీలకు నీళ్లొచ్చినయి. "మిద్దెక్కుండ్రి!" అని బయట ఒర్లుతుండ్రు. నేను జాడీల అర్రలకు ఉరికిన. పెద్దమ్మ తలుపుకు అడ్డం నిలబడ్డది.

"తానం చెయ్యకుంట జాడి ముట్టొద్దు! బూజు పడ్తది."

మా ఇండ్లల్ల తొక్కు జాడికి అంత మడి. "నీళ్లు కడప దాటుతున్నయే పెద్దమ్మా!" అని మొత్తుకున్న. "రెండు చెంబులు పోస్కోని రా, ఎంత సేపు" అన్నది. ఆమెతోని కొట్లాడేకంటె పోస్కునుడే నయమనిపిచ్చింది. నేనూ మా తమ్ముడూ వరద నీళ్లల్లనే నిలబడి నెత్తి మీద నీళ్లు పోస్కుంటుంటే పెరటి గోడ కూలింది. మేం మళ్లొచ్చేసరికి నడుం దాక నీళ్లు. పక్కింటాయన పెద్దమ్మ రెక్క పట్టి మిద్దె మీదికి గుంజుకపోయిండు. "ఒక్కటే తెస్త అన్నా, ఆయనది ఒక్కటే తెస్త" అని ఆమె మెట్లెంబడి ఏడుస్తనే ఉంది.

పైన కూసోని చూసుడే అయింది. కింద జాడీలు ఒకదానికొకటి తాకి పగులుతున్న సప్పుడు వినొస్తుంది. తోట మీద ఎర్రటి నీళ్లు, చెట్ల కొసలు గూడ అగుపడలే. ఇంతమందిమి ఉండి ఏం చేసినం? ఏం చెయ్యనీకె రాలే.

నీళ్లు తీసినంక ఆ జాడి బురదల పగలకుంట దొరికింది. మూతి బట్ట లేదు. ముక్కలన్నీ ఉన్నయి, లావుది లావుగ, సన్నంది సన్నంగ. ఊట జాగల బురద నీళ్లు. వద్దు వద్దనంగనే ఆమె ఒక ముక్క కడిగి నోట్లేస్కున్నది. చానసేపు నమిలింది.

"ఏం లేదు బిడ్డా. ఉత్త నీళ్లు" అని జాడిని బోర్లిచ్చింది.

మా పెద్దబాపు పోయి అప్పటికి చానేండ్లు. పెద్దమ్మకు మాత్రం ఆయన ఆ పొద్దే పోయిండు.