కళ్లు పెట్టకముందే చెరిపిన కెరూబులు

క్రిస్మస్ ముందు జమ్మలమడుగులో మా చర్చి గోడకు కెరూబులనే రెక్కల దేవదూతలను వేయడానికి ప్రొద్దుటూరు నుంచి బోర్డుల పెయింటరు వచ్చాడు. సిలువకు అటూ ఇటూ బుగ్గలుబ్బిన పసిపిల్లలు రెక్కలతో తేలారు. సబ్బు ప్రకటనలో బిడ్డల్లాగే ఉన్నారు. కళ్లు మాత్రం ఇంకా పెట్టలేదు. కళ్లు చివరనే పెట్టడం ఆయన పద్ధతి.

ముద్దొచ్చే బిడ్డ కనబడితే మేమూ కెరూబు అనేస్తాం. చిక్కంతా అక్కడే వచ్చింది. పోయిన సంవత్సరం పులివెందులలో మా చెల్లెలికి పుట్టిన ఆడబిడ్డ వారం తిరక్కముందే పోయింది. “నీ బిడ్డ కెరూబు అయిందమ్మా” అని మా సంఘపెద్ద ఓదార్చాడు. ఆ తర్వాత చెల్లెలు ఏ చర్చి గడపా తొక్కలేదు. చర్చి కడిగే రోజున బతిమాలి, తిట్టి తీసుకొస్తే, గోడను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“వాళ్లకు ఎదురుగా కూర్చునేది నా వల్ల కాదక్కా. నా బిడ్డను తీసుకపోయి గోడకు అంటిచ్చినట్లుండాది.”

నేను సంఘపెద్ద మీదికి లేచాను. “మామా, బైబిల్లో కెరూబులు యాడన్నా పసిపిల్లలా? ఏదెను తోటకు కావిలి పెట్టింది వాళ్లనే కదా! పాలు తాగే బిడ్డల్ని ఎవరన్నా కావిలి పెడతారా?”

“ఏందిమ్మే నీ గోల! బైబిల్లో ఉండే మాదిరి వాళ్లకు ఎద్దు మొగం, సింహం మొగం ఏపిస్తే పిల్లోళ్లు జడుసుకోరా?”

“మొగాలే వద్దు. రెక్కలు చాలు.”

“తొందరగా తేల్చండి,” అన్నాడు పెయింటరు నిచ్చెన మీదనుంచి. “కళ్లు పెట్టినాక నేను చెరపను.”

చెల్లెలు నా కొంగు పట్టుకుంది. “అయితే నా బిడ్డ కెరూబు కాదా?”

“కాదు. నీ బిడ్డ నీ బిడ్డే.”

“దానికి వాళ్లు కావిలి ఉంటారా?”

అలాగని ఏ వాక్యంలో ఉందో నాకు తెలియదు. “ఉంటారు,” అన్నాను. సంఘపెద్ద నోరు తెరిచాడు. నేను చూసిన చూపుకు మూసుకుని, పెయింటరుకు తలూపాడు.

బుగ్గల మీద తెల్లరంగు పడింది. గోడ పొడవునా రెండు పెద్ద రెక్కలు వచ్చి కొసలు కలుపుకున్నాయి.

ఆదివారం చెల్లెలు పులివెందుల నుంచి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. ముందు బెంచీలో కూర్చుని గొంతెత్తి పాడింది. చిన్నప్పటినుంచీ దానికి శ్రుతి లేదు. ఆ మాటే చెవిలో చెప్పాను.

“నువ్వు మూసుకోక్కా,” అని ఇంకా గట్టిగా అందుకుంది.