చెక్క అరిగిన చోటల్లా లైటు

గురజాల ఫంక్షన్ హాల్లో పెళ్ళికూతురు స్టేజీ ఎక్కేటప్పుడు లైట్లన్నీ ఆపి పొగ వదిలారు. నా చేతిలో ఉన్న బేస్ గిటారు మెడ నాకే కనపడలేదు. దాని మీది ఇత్తడి మెట్లలో ఐదో మెట్టు మీద పడాల్సిన వేలు ఆరో మెట్టు మీద పడింది. పాట అక్కడే కుంటుపడింది.

సామాన్లు సర్దేటప్పుడు ఆర్కెస్ట్రా నడిపే కీబోర్డు ఆయన నా పక్కన నిలబడి మెల్లగా అన్నాడు. "మీ అన్న మొహం చూసి ఊరుకున్నా. ఆదివారం మాచర్లలో గూడా ఇట్టాగే చేస్తే వేరే మనిషిని చూసుకుంటాం."

గిటారు మా అన్నది, ఆర్కెస్ట్రాలో ఆ చోటూ అన్నదే. పోయిన వేసవిలో గుండె ఆగి పోయాడు. "మూలన పెట్టి దుమ్ము పట్టించేదానికైతే వద్దు, వాయిస్తానంటేనే తీసుకో" అని వదిన దాన్ని నా చేతికిచ్చింది. ఒకే ఇంట్లో ఉంటాం. ఆ చోటు పోగొట్టుకుని ఏ మొహం పెట్టుకుని ఆమె ముందు తిరగను?

మర్నాడే నరసరావుపేటలో ఫోన్లు బాగుచేసే భాయ్ దగ్గరికి పట్టుకెళ్ళాను. బియ్యపు గింజంత లైట్లు కూడా అతికించగలడాయన. "వేళ్ళు పడే చోట పెట్టు భాయ్" అని చెప్పి వచ్చేశాను. మెడ మీద మూడు, ఐదు, ఏడు, తొమ్మిది మెట్ల దగ్గర తెల్ల చుక్కలు ఉండనే ఉన్నాయి. ఇంతకంటే విడమరిచి ఏం చెప్పాలి?

శుక్రవారం మధ్యాహ్నం తెచ్చుకుని, గది తలుపులు మూసి స్విచ్ వేశాను. చుక్కల దగ్గర ఒక్క లైటూ లేదు. ఒకచోట రెండు ఆనుకుని, ఇంకోచోట ఒంటరిగా, అడ్డదిడ్డంగా వెలిగాయి. ఒకటైతే ఎక్కడో కింద, మెడ చివర, సన్న తీగ దగ్గర. నాకు ఒళ్ళు మండింది. ఫోన్ చేశాను.

"చుక్కలు కనపడలేదా భాయ్ నీకు?"

"అయ్యి సోకుకి అనుకున్నా తమ్ముడూ. వేళ్ళు పడే చోటన్నావుగా, చెక్క అరిగిన చోటల్లా పెట్టా. గోరుతో తడిమి చూసుకో. ఎవరోగానీ చానా ఏళ్ళు వాయించారు."

తడిమాను. ప్రతి లైటు చుట్టూ చెక్క గుంటపడి ఉంది. నేను వాయిస్తున్నది ఆరు నెలలుగా, ఆ అరుగుదల నాది కాదు. చీకటి గదిలో అన్న వేళ్ళ చోట్లు వెలుగుతున్నాయి, వేళ్ళు లేవు. నా వేళ్ళు వాటి మీద పెట్టాను. ఎప్పుడూ తడబడే పాట ఒక్క తప్పు లేకుండా వచ్చింది. సంతోషపడాల్సింది పోయి భయమేసింది.

ఆ చివరి లైటు సంగతి మాత్రం అంతుపట్టలేదు. మా పాటల్లో వేలు అంత కిందికి ఎప్పుడూ పోదు. అయినా అన్నిటికంటే లోతు గుంట అక్కడే ఉంది. చిన్న స్పీకరుకు తగిలించి ఆ స్వరం ఒక్కసారి మీటాను.

"ఆఁ, వస్తన్నా," అంది వదిన వంటింట్లోంచి.

రోజూ అనే మాటలాగే అంది. తర్వాత వంటింట్లో చప్పుడు లేదు. నేను లేవలేదు, తీగ మీద వేలు కూడా తీయలేదు. చానాసేపటికి టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి, కుర్చీలో నన్ను చూసి ఆగింది.

"మీ అన్న నోరు తెరిచి పిలిచేవాడు కాదయ్యా. టీ కావాలంటే అది కొట్టేవాడు."

గ్లాసు కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది. సగం గ్లాసే ఉంది. నేను నిండు గ్లాసు తాగుతాను. సగం తాగేది అన్న.

ఆ లైటు మీద నల్ల టేపు అంటించాను. ఆదివారం మాచర్లలో లైట్లు ఆపారు, పొగ వదిలారు, నేను తడబడలేదు. "చోటు నీదే. అచ్చం మీ అన్న వాయించినట్టే ఉంది" అన్నాడు కీబోర్డు ఆయన. నేను లైట్ల స్విచ్ ఆపేశాను.

సోమవారం చూస్తే టేపు లేదు. వదిన వసారాలో మిరపకాయల తొడాలు తీస్తోంది. తలెత్తలేదు.

"నేనే పీకా. సాయంత్రం ఒక్కసారి కొట్టు. పలకనులే."

రోజూ నాలుగింటికి కొడుతున్నాను. ఆమె పలకదు. టీ వస్తుంది, సగం గ్లాసు.