చెల్లెలి పేరు మీద వెళ్ళిన సీసా

మొన్న బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మనవరాలి ఇంట్లో ఉన్నాను. నాలుగేళ్ళ మునిమనవరాలికి రెండు రోజులుగా జ్వరం తగ్గడం లేదని డాక్టరు పరీక్ష రాస్తే, దాని తండ్రి పొద్దున్నే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో మూత్రం పట్టించి, మూత బిగించి, పైన పిల్ల పేరూ వయసూ రాసి, తన కాఫీ తాగుతూనే, గుమ్మంలోకి వచ్చిన ల్యాబు మనిషి చేతికి ఇచ్చేశాడు. ఎవరూ గొంతు తగ్గించలేదు, ఎవరూ తలుపు చాటుకు పోలేదు. మందు పడింది, నాలుగో రోజుకు పిల్ల సోఫా మీద ఎగురుతోంది. ఇంటిల్లిపాదీ సంతోషంగా ఉంటే నేను మాత్రం ముఖం ముడుచుకుని కూర్చున్నాను. ముసలిదానికి ఏదో కోపం వచ్చిందని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. నిజమే, కోపమే. కాకపోతే అది రెండో ప్రపంచ యుద్ధం నాటి కోపం, ఇంకా చల్లారలేదు.

అప్పట్లో మాది బెంగళూరు పేటలో మగ్గం ఇల్లు. నాన్న తెల్లవారగానే మగ్గం గుంటలోకి కాళ్ళు పెట్టి కూర్చుంటే మళ్ళీ లేచేది అన్నానికే. అమ్మ కాన్పుకని వర్తూరులో పుట్టింటికి వెళ్ళింది, అందుచేత ఇల్లంతా నాన్నను కన్న అవ్వ చేతిలో ఉండేది. నాకు పదేళ్ళు, తమ్ముడికి ఏడు, చెల్లెలికి అయిదు. ఆ చెల్లెలు పొద్దస్తమానం పెరట్లోకి పరుగెత్తడం, నాలుగు చుక్కలు పోసి ఏడుస్తూ రావడం, వచ్చిన కాసేపటికే పావడా తడుపుకోవడం మొదలుపెట్టింది. నా ఈడువాళ్ళకు ఆనాటి వైద్యం గుర్తుండే ఉంటుంది. ఉష్ణం చేసిందన్నారు, నడినెత్తిన ఆముదం పెట్టారు, బొడ్డులో ఆముదం వేశారు, మెంతులు నానేసిన మజ్జిగ పట్టారు. దానికీ తగ్గకపోయేసరికి ఉష్ణం కాస్తా మొండితనమైంది. పావడా తడిపినప్పుడల్లా వీపు మీద చీపురు దెబ్బ పడేది. తాగితేనే కదా పోసేది అని అవ్వ నీళ్ళ చెంబు కూడా అందకుండా అటక మీద పెట్టింది. ఆ పిల్లకు అన్నిటికంటే ముందు కావలసినవి నీళ్ళేనని పెద్దదాన్నయ్యాక ఒక నర్సమ్మ చెబితే తెలిసింది. అది తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

తరువాత జ్వరం వచ్చింది. పళ్ళు టకటకలాడే చలి, ఆ వెంటనే పెనంలాంటి ఒళ్ళు. నాన్న మగ్గం దిగి, పిల్లను భుజాన వేసుకుని, మా వీధి చివర దవాఖానా పెట్టుకున్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, వెంట నేనూ వెళ్ళాను. ఆయన పిల్ల నడుము దగ్గర వేళ్ళతో నొక్కి చూసి, మూత్రపు దారిలో చీము పట్టిందేమోనని అనుమానమనీ, దానికి మంచి మాత్రలు ఉన్నాయి గానీ యుద్ధం వల్ల అవి దొరకడమే కష్టంగా ఉందనీ, పైగా పసిపిల్లకు అనుమానం మీద ఇచ్చేంత తేలిక మందు కాదనీ, రేపు పొద్దుటి మూత్రం శుభ్రమైన సీసాలో పంపితే చూసి ఇస్తాననీ చెప్పాడు. నాన్న ఆ మాటలన్నీ తెచ్చి అవ్వకు అప్పజెప్పి మళ్ళీ మగ్గంలో కూర్చున్నాడు. ఆడపిల్లల సంగతులు ఆడవాళ్ళు చూసుకుంటారన్నది ఆయన నమ్మకం. మంచివాడే, కానీ ఆ మంచితనం ఆ రోజు మాకు దేనికీ పనికిరాలేదు.

మర్నాడు పొద్దున అవ్వ సీసా వేడినీళ్ళతో కడిగింది, తుడిచింది, ఆపైన తమ్ముణ్ణి పెరట్లోకి పిలిచి వాడిది పట్టింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే నా వైపు తిరిగింది.

“ఆడపిల్లది పరాయి మొగోడు దీపం కాడ పెట్టి సూసేదేమి, నాయం ఉండాదా? ఇద్దురూ ఒక తల్లి బిడ్డలే గదా, ఎవురిదైనా ఒకటే. ఎవురితోనూ అనగాకు పాపా.”

సీసాను గుడ్డలో చుట్టి, పైన తమలపాకులు పరిచిన బుట్టలో పెట్టి నా చేతికిచ్చింది. వీధిలో ఎవరైనా అడిగితే ఆకులని చెప్పమంది. నేనేమీ అమాయకురాలిని కాదు. జబ్బు చెల్లెలిదని, సీసాలో ఉన్నది తమ్ముడిదని, రెండూ ఒకటి కావని పదేళ్ళదానికి తెలియదా? తెలుసు. కానీ మా ఇంట్లో అవ్వ మాటకు నాన్నే ఎదురు చెప్పేవాడు కాదు. డాక్టరు సీసా అందుకుని గాజు గొట్టంలో కాస్త పోసి, స్పిరిటు దీపం మీద కాచి, ఏదో మందు నాలుగు చుక్కలు వేసి వెలుతురుకు పెట్టి చూశాడు. తేటగా ఉంది. ఆయన అంతటితో ఊరుకోలేదు, కళ్ళజోడు తీసి నన్ను అడిగాడు.

“ఇది నీ చెల్లెలిదేనా తల్లీ?”

నేను తల ఊపాను.

ఆయన నమ్మాడు. మాత్రలు ఇవ్వలేదు, మామూలు జ్వరం మందు సీసాడు కలిపి ఇచ్చాడు. వారానికి జ్వరం దానంతటదే దిగింది, నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది, ఆ తరువాత వస్తూనే ఉంది. మళ్ళీ డాక్టరు దగ్గరికి పోదామని నాన్న అన్నప్పుడల్లా, చూసి ఏమీ లేదన్నాడు కదా అని అవ్వ ఆ పరీక్షనే అడ్డం పెట్టేది. తను చేసిన మోసాన్ని తనే నమ్మింది. కాన్పై వచ్చిన అమ్మకు కూడా అదే మాట చెప్పింది, నేను పక్కనే నిలబడి విన్నాను. విని మళ్ళీ నోరు మూసుకున్నాను.

చెల్లెలు ఎదిగీ ఎదగనట్టు ఎదిగింది. పద్దెనిమిది దాటాక ముఖం ఉబ్బడం, కాళ్ళకు నీరు దిగడం కనిపించి పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, రెండు మూత్రపిండాలూ ఎప్పుడో చిన్నప్పటి నుంచే చెడుతూ వచ్చాయన్నారు. ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం కాళ్ళు పడుతూ ఉండబట్టలేక సీసా సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

“నేను సూసినా అక్కా. తలుపు సందులో నిలబడుకోని ఉండినా. పోస్తే అంత మంట గదా, అవ్వ నన్ను పిలవలేదని ఎంత సంతోషపడినానో.”

పందొమ్మిది నిండకుండానే పోయింది. అవ్వ అంతకు ముందే, ఏ బెంగా లేకుండా, అందరి చేతా మహా ఇల్లాలనిపించుకుని పోయింది. ఆమె చెడ్డది కాదని, కాలం అలాంటిదని అమ్మ చివరిదాకా సర్దిచెప్పేది. నాకు ఆ మాట మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు. పరువు పరువు అని అయిదేళ్ళ పిల్లకు కూడా సిగ్గు అంటగట్టిన ఆ రోజులను మా తరంవాళ్ళు బంగారు రోజులని మురిసిపోతుంటే నాకు లేచి వెళ్ళిపోవాలనిపిస్తుంది. ఇప్పటి తల్లిదండ్రులు పిల్లలను మరీ గారాబం చేస్తారని మనం సణుగుతాం గానీ, వాళ్ళు పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎక్కడమ్మా నొప్పి, మంటగా ఉందా అని అడుగుతారు. మా ఇంట్లో ఆ మాట దాన్ని ఎవరూ అడగలేదు. దాని పక్కనే పడుకునే నేనూ అడగలేదు.