గేటు ముందు దిగిన సైకిళ్ళు

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. కాని ఒక ఆదివారం పొద్దున జగదల్‌పూర్‌లో, పట్టపగటి వెలుగులో జరిగినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియదు.

సంస్థానాల విలీనం తర్వాత మా జమీందారీ పోయింది. తాతగారు ఈ పట్నంలోనే కట్టించిన బంగళాను నాన్నగారు అమ్మేశారు. కొన్న కిరాణా వ్యాపారి దాన్ని గోదాము చేశాడు. నాకు మిగిలింది ఇంటిపేరు, ఒక సైకిలు.

ఆ సైకిలుతోనే ఊళ్ళో కొందరిని పోగేసి ఆదివారం సవారీలు మొదలుపెట్టాను. ఒక వారం ఇంద్రావతి రేవులు, ఇంకో వారం సంతలు, మరో వారం నగర్‌నార్ ఉక్కు కర్మాగారం దారి. దారి ఎంచేది నేనే, అందరికంటే ముందు తొక్కేది నేనే. గుంత కనబడితే నేను కేక వేయాలి. వెనకవాళ్ళు ఆ కేకను చివరిదాకా అందించాలి. నా మాట మీద నలుగురు కదలడం నాకు చిన్న సంగతి కాదు.

తర్వాత గోదాము యజమాని కొడుకు సత్యం చేరాడు. అందరికీ టీషర్టులు పంచాడు, టిఫిన్లు పెట్టించాడు. నన్ను నవ్వుతూ “దొరా” అని పిలిచేవాడు. ముందు ఎవరుండాలో అందరూ కలిసి తేల్చాలన్నాడు. వచ్చే సవారీ కాగానే తేల్చుకుందామని ఒప్పుకున్నారు.

ఆ వారం మేం చూడవలసినవి పాత ఇళ్ళు. మా బంగళా వీధి తప్పదు. అక్కడ ఆగకూడదని, ఒక్క మాట కూడా చెప్పకూడదని ముందే అనుకున్నాను.

బంగళా గేటు ముందునుంచి దాటిపోయాను. వెనక చక్రాల చప్పుడు ఆగిపోయింది. ఒక కాలు నేలమీద ఆనించి తిరిగి చూశాను. అందరూ సైకిళ్ళు దిగి, చేత్తో నడిపించుకుంటూ వరుసగా వస్తున్నారు. సత్యం కూడా.

ఏమైందని అడిగాను.

“ఏంది సార్, మీరే గదా దిగుమన్నది!” అంది మాతో వచ్చే సుజాత టీచర్.

నేను అసలు కేకే వేయలేదు. తెలుగువాళ్ళు తెలుగులో విన్నామన్నారు. మాతో వచ్చే ఉక్కు కర్మాగారం కుర్రాళ్ళు హిందీలో విన్నామన్నారు. సుక్‌రూ అనే అతను ఇక్కడి పల్లెల భాష హల్బీలో విన్నానన్నాడు. నాకు హల్బీలో ఒక్క వాక్యం రాదు. అది మాట్లాడటం మా ఇంట్లో నామోషీ. గొంతు మాత్రం నాదేనని అందరూ అన్నారు.

సత్యం ముఖం ఎర్రబడింది. “మా తాత చెప్పేటోడు. ఈ గేటు ముందల సైకిల్ దిగకపోతే మీ తాత మనుషులు గాలి తీసేటోళ్ళంట. ఇంకా ఆ రోజులే అనుకుంటున్నవా దొరా? నా ఇంటి ముందల నన్నే దించుతవా?”

ఆ ఆచారం నిజమే. మా ఇంటివాళ్ళు తప్ప ఎవరైనా దిగవలసిందే. తాతగారు బతికున్నంతకాలం సాగింది. నేను దాన్ని వాళ్ళెవరి దగ్గరా ఎన్నడూ ఎత్తలేదు.

అరవలేదని చెప్పాను. టిఫిన్ల దగ్గర చేతులెత్తించారు. సుజాత చెయ్యి కూడా సత్యం కోసమే లేచింది.

ఇప్పుడు కేక సత్యం వేస్తాడు. నేను వెళ్ళడం మానేశాను.

ఆ రోజు ఇంటికి బయల్దేరబోతుంటే సుజాత నా దగ్గరికి వచ్చింది.

“అరవలేదంటున్నరు, సరే సార్. మరి మేమంతా దిగి నడుస్తుంటే మీరొక్కరే సైకిల్ మీద ఎందుకు కూసున్నరు?”

ఆ గొంతు ఎవరిదో ఎంత ఆలోచించినా నాకు తెలియలేదు. ఆమె అడిగినదాని గురించి మాత్రం ఆలోచించడానికే మనసు రాలేదు.