కర్టెన్ ముట్టితిని

హౌరా పక్క లిలువా రైల్వే కాలనీలోని సమస్త బంధుమిత్రులకు, ఇరుగుపొరుగు దాదాలకు, బౌదీలకు, అనగా అన్నలకు, వదినలకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: మా ఇంటి గుమ్మానికి వేలాడే పూల కర్టెన్‌ను ఇకపై ఎవరైనా లాగవచ్చును, నన్ను మాత్రం లాగమనరాదు.

నవ్వకండి, కారణం ఉంది. మా ఆసుపత్రిలో మాకు పాఠాలు చెప్పిన మేడమ్‌గారు మొన్న బుధవారం కన్నుమూశారు. ఆ కబురు విని ఇంటికొచ్చి కర్టెన్ లాగానో లేదో, రెండు చేతులూ వాటంతటవే రుద్దుకోవడం మొదలెట్టాయి. మా ఆవిడ చూసి, "ఏటండీ అది, ఈగలాగ?" అంది. అందుకే ఈ ప్రకటన.

నేను వార్డులో కట్లు కట్టేవాణ్ణి. పదో క్లాసు గోడ దాటలేదు. ఆవిడ సాల్ట్ లేక్ అనే పేట నుంచి వచ్చే సైకాలజీ మేడమ్, తెలుగు వచ్చినావిడే. రోగుల మనసు సంగతి కాదు, మా బుద్ధుల సంగతి చూడ్డానికొచ్చారు. ఒక పేషెంటు దగ్గర్నుంచి ఇంకో పేషెంటు దగ్గరికి పోయేటప్పుడు మేం చేతులు ఎందుకు శుభ్రం చేసుకోమో, చేసుకునేలా ఏం చెయ్యాలో. అంతకు ముందు వచ్చినవాళ్ళంతా క్రిముల బొమ్మలు చూపించి, భయపెట్టి పోయినవాళ్ళే. ఈవిడ మొదటిరోజే, "మీకు తెలీక కాదు, అందరికీ తెలుసు" అనేశారు.

"మరి నువ్వెందుకు కడగవయ్యా?" అని నన్నే పట్టుకున్నారు.

"నాను హౌరాలో ఫెర్రీ ఎక్కి రోజూ గంగ దాటొస్తానండి. ఇంకేటి కడగాల?"

దాన్ని ఆవిడే బెంగాలీలో చెప్పి సిస్టర్లందర్నీ నవ్వించారు. తర్వాత నెమ్మదిగా అడిగారు: "మంచం దగ్గరికొచ్చాక నీ చెయ్యి మొదట తగిలేది దేనికి?"

"మంచం చుట్టూ కర్టెన్‌కండి."

"అయితే కర్టెన్ ముట్టుకోగానే చెయ్యి ఆ చేతులు రుద్దుకునే మందు సీసా మీదికి పోవాలి. ఆ మాట నీ నోటితో నువ్వే చెప్పు."

నాకు అంతకంటే ఏం కావాలి! మర్నాటి నుంచి ప్రతి మంచం దగ్గరా, ప్లాట్‌ఫాం మీదికి రైలొస్తున్నట్టు అరిచేవాణ్ణి: "కర్టెన్ ముట్టితిని! సీసా నొక్కుచున్నాను!" పేషెంట్లు కుట్లు పట్టుకుని నవ్వేవారు. సిస్టర్ "దాదా, చుప్!" అనేది. మేడమ్ మాత్రం అడ్డు చెప్పలేదు.

"ఎగతాళికైనా రోజూ చెయ్యి. ముందు చెయ్యి మారుతుంది, బుర్ర తీరిగ్గా వస్తుంది."

కడిగావా అని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. "ఇవాళ ఏం అడ్డమొచ్చింది?" అనేవారు. సీసా అందడం లేదని సణిగితే, తనే విప్పి నా చేతికందే చోట తగిలించారు.

"మీరు అటు తిరగండి, ఇటు మానేస్తాను" అన్నానోసారి.

"నేను చూస్తుంటే చేసేది నాకోసం. ఎవరూ చూడనప్పుడు చేసేదే పేషెంటు కోసం. చూద్దాం."

చివరికి ఆవిడే మా వార్డుకి పేషెంటుగా వచ్చారు. కట్టు మార్చడానికి నేనే వెళ్ళాను. కర్టెన్ లాగాను. ఈసారి అరవలేదు. చెయ్యి మాత్రం సీసా మీదికి పోయింది. మేడమ్ ఒక కన్ను తెరిచి, "ఏమయ్యా, ఇవాళ ప్రకటన లేదేం?" అన్నారు.

ఎవరు ఎవర్ని ఆటపట్టించారో నాకు అర్థం కాదు. నేను ఆవిణ్ణి వెక్కిరిస్తున్నాననుకున్నాను. ఆ వెక్కిరింతే నా చేతికి అలవాటైపోయింది. చెయ్యి మారింది సరే, బుర్ర వచ్చిందా? అడుగుదామంటే ఆవిడ లేరు.

ఇంకొకటి. ఆవిడ కన్ను తెరవలేదు. ఆ మాటా అనలేదు. అది నేను కల్పించింది, ఆవిడ చూసి ఉంటే బాగుండేదని. ఆవిడ మగతలో ఉన్నారు. సిస్టర్ ఎక్కడో ఆ చివర. నన్ను చూసేవాళ్ళు ఎవరూ లేరు. తడి అరచేతులు ఆరేదాకా ఆవిడ పక్కనే నిలబడ్డాను. నా వెనక కర్టెన్ ఇంకా ఊగుతోంది.