వనపర్తి బస్సుకు ఇంకా గంట ఉంది

నాలుగేళ్లుగా ఒక మనిషి గొంతు నాలో ఉండిపోయింది. ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఫోన్‌లో మేం మాట్లాడుకున్నది ఐదు నిమిషాలు కూడా ఉండదు. ఆ ఐదు నిమిషాల్లో నేను ఒక అబద్ధం చెప్పాను. రెండే మాటల అబద్ధం. అది ఇంత బరువవుతుందని అప్పుడు తెలియదు అని రాయబోయి ఆగాను. తెలుసు. కొంతైనా తెలుసు. తెలియకపోతే ఆ నంబరు వెంటనే ఎందుకు చెరిపేస్తాను?

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట రాదు, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకే మీకు రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మాది హైదరాబాదు. మా చర్చివాళ్లను బయట మోర్మన్లంటారు. మా దగ్గర ఆడపిల్లలు ఇష్టపడితే ఏడాదిన్నర పాటు ఇల్లు వదిలి, ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లి సేవ చేస్తారు. నన్ను గద్వాల పంపారు. ఛాతీ మీద పేరున్న నల్ల బిళ్ల, మోకాళ్లు దాటిన గౌను, చేతిలో గ్రంథం. ఇద్దరిద్దరుగా ఉండాలి. ఒకరు ఎక్కడికి వెళ్తే రెండోవారు అక్కడికి వెళ్లాల్సిందే. ఒకరి చూపుకో, వినికిడికో ఇంకొకరు అందేంత దూరంలోనే ఉండాలి. ఆ నియమం మీద విసుగు పుట్టని రోజు లేదు. ఒంటరిగా ఉండటం నాకు అన్నం లాంటిది. ఆ ఏడాదిన్నర నేను ఆకలితోనే ఉన్నాను.

నాతో ఉన్న అమ్మాయిని రూతు అని పిలుస్తాను. అసలు పేరు అది కాదు. అచ్చంపేట దగ్గర పల్లె. కూలి చేసుకునే ఇల్లు, తాతల నాటి నుంచి క్రైస్తవులే, కానీ వాళ్లది ఊరి పాత చర్చి. హైదరాబాదులో నర్సింగు చదువుతూ రూతు మా సంఘంలోకి వచ్చింది. వాళ్ల నాన్నకు నచ్చలేదు. "మీ తాత కట్టిన చర్చి ఏం పాపం చేసిందే? గా బిళ్ల పెట్టుకొని ఊర్లు తిరుగుడేంది?" అన్నాడట. ఆమె బయల్దేరిన రోజు ఇంట్లోంచి బయటికే రాలేదట. ఆయన బొంబాయిలో బిల్డింగుల పనికి వెళ్తాడు. మాకు ఇంటికి ఫోన్ చేసుకునే రోజు సోమవారం. ప్రతి సోమవారం ఆమె ముందు ఆయనకే చేసేది. పది నెలలు చేసింది. ఆయన ఒక్కసారీ ఎత్తలేదు. తర్వాత వాళ్లమ్మకు చేసి, "నాయిన ఏమన్న అన్నడా?" అని అడిగేది.

ఇద్దరికీ ఒకటే ఫోన్. వయసులో పెద్దదాన్ని, వచ్చి ఎక్కువ రోజులైనదాన్ని కాబట్టి అది నా దగ్గర ఉండేది.

ఇక డిసెంబరు. సేవలో పండగ నెల ఎలా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. పిలవని ఇంటికి మేం వెళ్లకూడదు. మామూలు నెలల్లో పిలిచేవాళ్లు తక్కువ, గదిలో చదువుకుంటూ గడిచిపోతుంది. డిసెంబరులో మాత్రం అందరూ పిలుస్తారు. గద్వాలలో ఒక ఇల్లు, వీపనగండ్ల వైపు ఒక ఇల్లు, వనపర్తిలో రెండు. బస్సు, ఆటో, నడక. ప్రతి ఇంట్లో పాట పాడాలి, ప్రార్థన చేయాలి, పెట్టింది తినాలి. నవ్వాలి. నవ్వి నవ్వి నాకు దవడలు నొప్పెట్టేవి. చాయ్ మాకు నిషేధం. ఏ గుమ్మంలోనైనా ముందు వచ్చేది చాయే. వద్దంటే వాళ్ల మొహం వాడిపోయేది, ఎందుకు వద్దో చెప్పలేక నా మొహం వాడిపోయేది. రూతు ఉండబట్టి సరిపోయింది. "చక్కెర నీళ్లు కలిపియ్యి అత్తమ్మా, గదే మాకు దావత్" అనేసరికి ఆ ఇల్లంతా ఆమెదైపోయేది. నేను పక్కన గోడకు వేసిన పటంలా కూర్చునేదాన్ని.

మేం అద్దెకున్నది బట్టలు నేసేవాళ్ల ఇంటి మీద గది. కింద మగ్గం ఆడుతుండేది. ఇంటావిడ మమ్మల్ని చూసి రోజుకోసారైనా అనేది, "చాయ్ తాగరు, కాపీ తాగరు, సినిమా చూడరు. ఏం జూసుకొని మురుస్తరమ్మా మీరు?" రూతు పకపకా నవ్వేది. నేను ఆ ప్రశ్నను రాత్రి డైరీలో రాసుకునేదాన్ని.

నేను దేన్ని చూసుకుని మురిసేదాన్నో చెప్తాను. సేవలో ఉన్నన్నాళ్లు గ్రంథాలు, సంఘం ఇచ్చిన పుస్తకాలు తప్ప ఇంకేవీ చదవకూడదు. ఇంటావిడ అటక మీద పాత కాగితాల్లో నాకొక నవల దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. రాసిందెవరో కూడా తెలియదు. దాన్ని బట్టల మధ్య దాచాను. రూతు స్నానానికి వెళ్తే నాలుగు పేజీలు. రూతు బట్టలుతికితే పదిహేను పేజీలు. అలా నెల రోజులుగా చదువుతున్నాను. క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు, ఒక గురువారం మధ్యాహ్నం, ఇంకా ఇరవై పేజీలున్నాయి.

పొద్దున రెండిళ్లు తిరిగి వచ్చాం. మడమలు పగిలి మేజోళ్లకు అంటుకుంటున్నాయి. సాయంత్రం నాలుగింటికి మా ప్రార్థన హాల్లో పాటల సాధన. మధ్యలో రెండు గంటలు మావి. "నువ్వు పండుకో అక్కా, నీ బట్టలు గూడ నేనే ఉతుకుత" అని రూతు రెండు బకెట్లు పట్టుకుని కిందికి దిగింది. నా బట్టలు కూడా. కింద నల్లా దగ్గర బండ మీద బట్టలు కొడుతూ, సాయంత్రం పాడాల్సిన పాట గట్టిగా పాడుకుంటోంది. నేను పుస్తకం తీశాను.

ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"హలో, ఎవలు బిడ్డా? నేను రూతు వాళ్ల నాయినను."

నేను లేచి కూర్చున్నాను.

"బొంబయి నుంచి వస్తున్న. రాయచూర్ల దిగి గద్వాల బస్టాండుకు వచ్చిన. నా ఫోన్ల చార్జింగ్ లేదు, నంబరు కాయితం మీద రాసుకుంటి, గీ పండ్ల బండాయన ఫోన్ అడిగి చేస్తున్న. వనపర్తి బస్సు ఇంకో గంటకున్నదంట. పిల్లను జర ఓపారి చూసి పోదామని."

"ఇప్పుడా అండీ?"

"గంటనే గదా. మీ ఇల్లేడ? ఆటోల వస్త."

"ఇక్కడికి మగవాళ్లు రాకూడదండీ. రూలు."

"అట్లనా. అయితే దాన్నే రమ్మను బిడ్డా. పండ్ల బండి పక్కన్నే కూసుంట." ఏదో వింటున్నట్టున్నాడు. "అగో, గా పాడేది అదే గదా? మా పిల్ల గొంతే గది."

కిటికీ తెరిచి ఉంది. నేను చూసుకోలేదు.

"ఊ" అన్నాను.

"జర అడుగు బిడ్డా. నాయిన వచ్చిండని చెప్పు. కోపం లేదని చెప్పు."

మా సేవ పనులు చూసే పెద్దాయనకు ఒక్క ఫోన్ చేస్తే చాలు, వెళ్లి రమ్మనేవాడు. అది నాకు తెలుసు. పది నెలలుగా ఈ పిలుపు కోసం ఆ అమ్మాయి ఎలా ఎదురుచూస్తోందో నాకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? కానీ రూతు వెళ్తే నేనూ వెళ్లాలి. మేజోళ్లు మళ్లీ తొడగాలి, ఎండలో నడవాలి, తెలియని మనిషి ముందు నిలబడి నవ్వాలి, వాళ్లిద్దరూ ఏడుస్తుంటే ఎటు చూడాలో తెలియక నిలబడాలి, అక్కడి నుంచి అటే సాధనకు పోవాలి. ఇరవై పేజీలు. నేను అప్పుడు వీటన్నిటినీ ఇంత వరసగా ఆలోచించానా? లేదేమో. అలసట ఆలోచించదు. ఫోన్‌ను అరచేత్తో మూశాను. మంచం మీద నుంచి కదల్లేదు. ఒక మనిషి మెట్లు దిగి, అడిగి, మెట్లెక్కి వచ్చేంతసేపు అలాగే కూర్చున్నాను. ఎంతసేపు పడుతుందో లెక్కగా ఊహించుకున్నాను. ఆ లెక్కే ఇప్పటికీ నన్ను భయపెడుతుంది.

చెయ్యి తీసి అన్నాను. "అడిగాను. రానంటోంది."

బస్టాండు హారన్లు వినిపించాయి. పండ్ల బండాయన ఎవరితోనో బేరమాడుతున్నాడు.

"సరే తియ్యి" అన్నాడు చివరికి. "నా మీదనే పోయింది దాని మొండితనం." నవ్వబోయినట్టున్నాడు. "మంచిగ చూసుకో బిడ్డా దాన్ని. ఫోన్ జర గట్లనే పట్టుకోరాదు. పాట అయిపోయేదాంక వింట."

పట్టుకున్నాను. ఎంతసేపు? నాలుగైదు గుక్కల పాట. తర్వాత కింద బకెట్ జరిపిన చప్పుడైంది, ఆమె పైకి వస్తుందేమోనని భయమేసి కట్ చేశాను. నంబరు చెరిపేశాను. కిటికీ మూశాను. పుస్తకం తెరిచి ఇరవై పేజీలూ చదివాను.

ఆ నవల ఎలా ముగిసిందో నాకు గుర్తులేదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఒక్క వాక్యం గుర్తురాదు.

బిడియం ఉన్నవాళ్లు అబద్ధాలాడరని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. మాకు మాట త్వరగా అయిపోవాలి. ఏది పొట్టిగా ఉంటే అదే అంటాం. ఆ రోజు నిజం పొడుగ్గా ఉంది.

ఆ రాత్రి డైరీలో ఏం రాశానో ఇప్పుడు తీసి చూశాను. "బట్టలు రూతు ఉతికింది. పాట బాగా వచ్చింది. కాళ్ల నొప్పి." అంతే. ఎవరూ చదవని డైరీలో కూడా దాచాను. ఎవరి నుంచి?

క్రిస్మస్ నాడు అందరం ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు. రూతు మధ్యాహ్నం చేసింది. నేను పక్కనే ఉన్నాను, ఉండాలి కదా. వాళ్లమ్మ మాట్లాడింది. నాయిన చేను దిక్కు పోయిండంది. ఫోన్ పెట్టేశాక రూతు నా వైపు తిరిగింది.

"పక్కన్నే ఉన్నడక్కా. దగ్గు ఇనపడ్డది నాకు. పండుగ పూట గూడ మాట్లాడకపాయె."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నోరు తెరిచాను కూడా. "ప్రార్థన చేద్దాం" అన్నాను.

ఇద్దరం మోకరించాం. పెద్దదాన్ని కాబట్టి నేనే ప్రార్థించాలి. రూతు తండ్రి హృదయాన్ని మెత్తబరచమని దేవుణ్ణి అడిగాను. పైకి, గట్టిగా, తడబడకుండా. మనుషుల ముందు రాని మాట అప్పుడు ఎంత చక్కగా వచ్చిందో.

అంతటితో ఆగలేదు. మా దగ్గర నెలలో మొదటి ఆదివారం ఉపవాసం. రెండు పూటలు తినం, నీళ్లు కూడా తాగం. ఒక కోరిక మనసులో పెట్టుకుని ఉంటాం. జనవరిలో రూతు అడిగింది, "ఈసారి మా నాయిన కోసం ఉందామా అక్కా, ఇద్దరం?" ఉన్నాం. ఆకలికి ఆమె పెదాలు ఎండిపోయాయి. నావి కూడా. మెత్తబడి, రాయచూరులో బస్సెక్కి, గద్వాల దాకా వచ్చిన ఒక హృదయం మెత్తబడాలని ఇద్దరం కడుపు మాడ్చుకున్నాం. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు ఆమె మొదటి ముద్ద నాకు పెట్టింది. నేను తిన్నాను. అబద్ధం కంటే ఆ ముద్ద పెద్ద తప్పనిపిస్తుంది నాకు.

ఆ నెలాఖరుకు నన్ను వేరే ఊరికి మార్చారు. ఉత్తరం రాసి చెప్దామనుకున్నాను. సేవ అయ్యాక చెప్దామనుకున్నాను. ఎందుకు చెప్పలేదు? సేవ మధ్యలోనే ఇంటికి పంపేస్తారని మొదట భయపడ్డాను. అయిపోయాక ఆ భయం కూడా లేదు కదా. నిజమేమిటంటే, రూతు నన్ను మంచిదాన్ని అనుకుంటుంది. నన్ను అలా అనుకునేవాళ్లు నాకు ఎక్కువమంది లేరు.

ఇప్పుడు నేను ఒక స్కూల్లో లైబ్రరీ చూసుకుంటున్నాను. రూతు అచ్చంపేటలో ప్రైవేటు దవాఖానలో నర్సు. పోయిన వారం ఫోన్ చేసింది. వాళ్ల నాన్న నడుము పడిపోయి బొంబాయి మానేసి ఇంటికి వచ్చేశాడట. సూదులు ఈమే వేస్తోందట. చెయ్యి చాపుతాడట, మొహం గోడ వైపు తిప్పుకుంటాడట. ఏం కావాలన్నా వాళ్లమ్మతోనే చెప్పిస్తాడట. "చర్చి మారినందుకు గిన్నేండ్లు అలుగుతరా అక్కా ఎవరన్న?" అని అడిగింది. నేను "ఏమో" అన్నాను. మళ్లీ పొట్టి మాటే.

చర్చి సంగతి ఆయన ఆ రోజే వదిలేశాడు. కోపం లేదని చెప్పమన్నాడు. పాడుకుంటూనే ఉండి, చూడటానికి మాత్రం రానన్న బిడ్డ గురించి ఆయన ఇన్నేళ్లుగా ఏమనుకుంటున్నాడో నాకు తెలుసు. వాళ్లమ్మకు కూడా చెప్పినట్టు లేడు. పిలిస్తే బిడ్డ రానన్నదని ఏ తండ్రి నోరు తెరిచి చెప్పుకుంటాడు? ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరి గురించి ఒకరు తప్పుగా అనుకుంటున్నారు. ఇది తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

ఆమెతో చెప్తానా? చెప్తానని ఇక్కడ రాస్తే మీకు నా మీద కొంచెం మంచి అభిప్రాయం కలుగుతుంది. అందుకే రాయడం లేదు. నాకు తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించాల్సింది కాదు ఇది.

ఒక్క వాక్యం మాత్రం ఎక్కడైనా నిజంగా ఉండాలని ఉంది. నాలుగేళ్లలో డైరీలో కూడా రాయలేకపోయాను. పొడుగు వాక్యమేమీ కాదు.

ఆమె రాననలేదు. ఆమెను ఎవరూ అడగలేదు.

రాశాను. ఇంకేం చేయాలో తెలియడం లేదు, కానీ రాశాను.